మూలికల ఎక్స్‌ట్రాక్టుల్లో ఫినాలిక్స్, యాంటీఆక్సిడెంట్ టెస్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు మూడు రకాల వాళ్ళ నుంచి వస్తుంటాయి. ఫార్మసీ, బయోకెమిస్ట్రీ ప్రాజెక్టు చేసే పిల్లలు ఒకరు, ఇంట్లో మునగాకు పొడి, ఉసిరి పొడి చేసి అమ్ముకునేవాళ్ళు ఒకరు, డాక్టర్ ఇచ్చిన మాత్రలతో పాటు కషాయం కూడా తాగుతున్న పెద్దవాళ్ళు ఇంకొకరు. అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నా కాబట్టి మీకు అక్కర్లేనిది కనిపిస్తే దాటేసి కిందకి వెళ్ళిపోండి.

ప్ర: అసలు ఫినాలిక్ కాంపౌండ్స్ అంటే ఏంటండీ? కెమిస్ట్రీ రానివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండి.

ఆరు కార్బన్లు గుండ్రంగా చేతులు పట్టుకుని ఉండే బెంజీన్ రింగ్, దానికి నేరుగా అతుక్కున్న ఒక ఓహెచ్ గ్రూపు. ఇది ఉంటే చాలు, ఫినాల్ కిందే లెక్క. ఒకే రింగుతో చిన్నగా ఉండే గాలిక్ యాసిడ్, కెఫీక్ యాసిడ్ దగ్గర్నుంచి, మూడు రింగుల క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు, ఇంకా బారుగా పెరిగిపోయిన టానిన్ల దాకా అన్నీ ఈ కుటుంబమే. చెట్టు ఇవి మనకోసం చెయ్యదు, ఎండలోని యూవీ నుంచి, పురుగు నుంచి, బూజు నుంచి తనని తాను కాపాడుకోడానికి చేసుకుంటుంది. నోటికి వగరు తగిలిందంటే చాలావరకు అది టానిన్ పనే. పచ్చి అరటికాయ, వక్క, కరక్కాయ, జామ పిందె, ఇవన్నీ కొరికితే నాలుక పిడచకట్టినట్టు అవుతుంది కదా, అది లాలాజలంలో ఉన్న ప్రొటీన్లని టానిన్ పట్టేసుకోవడం వల్ల.

ప్ర: ఇవి యాంటీఆక్సిడెంట్‌గా ఎలా పనిచేస్తాయి?

ఫ్రీ రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్ ఒకటి మిగిలిపోయిన అణువు, అది ఊరికే ఉండదు, పక్కనున్న కొవ్వునో ప్రొటీన్నో డీఎన్ఏనో పట్టుకుని ఒక ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, లాగించుకున్నది మళ్ళీ రాడికల్ అవుతుంది, అలా గొలుసు సాగుతూనే ఉంటుంది. మధ్యలో ఫినాల్ వచ్చి తన ఓహెచ్‌లోని హైడ్రోజన్ ఇచ్చేస్తే ఆ గొలుసు అక్కడ తెగిపోతుంది. మరి హైడ్రోజన్ ఇచ్చేసిన ఫినాల్ తానే రాడికల్ అవ్వదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. అవుతుంది, కాకపోతే ఆ మిగిలిన ఎలక్ట్రాన్ ఒక్కచోట నిలవకుండా రింగు మొత్తం పరుచుకుంటుంది కాబట్టి పెద్దగా గొడవ చెయ్యదు.

ఓహెచ్‌లు ఎన్ని ఉన్నాయి అన్నదానికంటే ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నది ముఖ్యం. రెండు ఓహెచ్‌లు పక్కపక్కనే ఉంటే (దీన్నే కాటెకాల్ అంటారు) బలం బాగా పెరుగుతుంది. కెఫీక్ యాసిడ్, క్వెర్సెటిన్, తులసిలో ఉండే రోజ్మరినిక్ యాసిడ్, వీటన్నిట్లో అదే అమరిక. ఇనుము, రాగి అయాన్లని పట్టుకుని కదలకుండా చేసే గుణం కూడా ఈ అమరిక వల్లే వస్తుంది. కొత్త రాడికల్స్ పుట్టించేది చాలాసార్లు ఆ లోహాలే కాబట్టి అది కూడా చిన్న సాయమేం కాదు.

ప్ర: మన దగ్గర దొరికే మూలికల్లో వేటిలో ఏముంటాయి?

కరక్కాయ ఈ లిస్టులో పెద్దన్న. చెబులాజిక్ యాసిడ్, చెబులినిక్ యాసిడ్ అని దాని పేరు మీదే (టెర్మినేలియా చెబులా) పేర్లు పెట్టిన టానిన్లు, వాటితో పాటు గాలిక్, ఎలాజిక్ యాసిడ్లు. ఉసిరిలోనూ టానిన్లు బాగా ఉంటాయి, పైగా విటమిన్ సి. మునగాకులో క్వెర్సెటిన్, కెంప్ఫెరాల్‌లు చక్కెరలతో అతుక్కుని ఉంటాయి, క్లోరోజెనిక్ యాసిడ్ కూడా. తులసిలో రోజ్మరినిక్ యాసిడ్, వాసనకి యూజెనాల్, అదీ ఫినాలే. గుంటగలగరాకులో వెడెలోలాక్టోన్, పసుపులో కర్క్యుమిన్. మన శేషాచలం ఎర్రచందనం చెక్కలో టెరోస్టిల్బీన్ అని ఒకటుంది, దాని పేరు కూడా ఆ చెట్టు శాస్త్రీయ నామం టెరోకార్పస్ నుంచే వచ్చింది, మొదట వేరు చేసింది కూడా అందులోంచే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ ఇదే పొరపాటు కనిపిస్తుంది. మందు మొక్క అనగానే దాని పేరంతా ఫినాలిక్స్ వల్లే వచ్చినట్టు రాసేస్తారు. నేలవేము చేదు, దాని పని ఎక్కువగా ఆండ్రోగ్రాఫోలైడ్ వల్ల, అది డైటెర్పీన్, ఫినాల్ కాదు. అడ్డసరంలో వాసిసిన్ ఆల్కలాయిడ్. పొడపత్రి నమిలితే తీపి తెలియకుండా పోయేది జిమ్నెమిక్ యాసిడ్ల వల్ల, అవి సాపోనిన్లు. వీటిలోనూ కొంచెం ఫినాలిక్స్ ఉంటాయి, ఏ ఆకులో ఉండవు గనక, కానీ ఆ కొంచెం కొలిచి "అందుకే ఇది షుగర్‌కి పనిచేస్తోంది" అని ముగింపు రాస్తే వైవాలో దొరికిపోతారు.

ప్ర: ల్యాబ్ లేకుండా ఇంట్లో చూడగలిగేది ఏమైనా ఉందా?

బోలెడు. వంకాయ కోసి ఉప్పు నీళ్ళలో వెయ్యకుండా వదిలేస్తే నల్లబడుతుంది కదా, అందులోని క్లోరోజెనిక్ యాసిడ్‌ని గాలిలో ఆక్సిజన్ సాయంతో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ మార్చేస్తోంది అన్నమాట. అరటిపువ్వు ఒలిచేటప్పుడు చేతులు నల్లబడేది కూడా ఇలాంటి పనే.

టానిన్ ఉందో లేదో చూడాలంటే ఇనుము కావాలి. ల్యాబులో ఫెర్రిక్ క్లోరైడ్ రెండు చుక్కలు వేస్తారు, కరక్కాయ లాంటి వాటికి నీలి నలుపు, కొన్ని రకాల టానిన్లకి ఆకుపచ్చ నలుపు వస్తుంది. ఇంట్లో అయితే ఉసిరిపొడి ఇనప మూకుడులో నానబెట్టండి, తెల్లారేసరికి కాటుకలా ఉంటుంది, తలకి రాసుకునేవాళ్ళు చేసేది అదే కదా.

దీన్ని వందల ఏళ్ళుగా పనిగా చేస్తున్నవాళ్ళు శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు. బట్టని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన దాంట్లో ముంచి ఎండలో ఆరేస్తారు, పాలలో కొవ్వు ఉండడం వల్ల గీత బట్ట మీద పాకదు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రావణంలో వెదురు కలం ముంచి గీస్తారు. గీసేటప్పుడు రంగు పలచగా ఉంటుంది, చూస్తుండగానే బట్టలో ఉన్న టానిన్ ఆ ఇనుముని పట్టుకుని గీత నల్లబడిపోతుంది, తర్వాత ఉతికినా పోదు. ఫెర్రిక్ క్లోరైడ్ టెస్టు అర్థంకాని పిల్లలకి నేను ఇదే చెప్తా.

ప్ర: ఎక్స్‌ట్రాక్ట్ నీళ్ళతో తీయాలా, మెథనాల్‌తోనా? కషాయం సరిపోదా?

దేనికోసం అన్నదాన్ని బట్టి. కొలవడానికి మాత్రమే అయితే మెథనాల్ బాగానే పనిచేస్తుంది, కానీ అది విషం, దానితో తీసింది ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు. మనిషి తాగే దాని గురించి మాట్లాడాలంటే నీళ్ళు లేదా ఇథనాల్‌తోనే తియ్యాలి. మామూలుగా 50 నుంచి 80 శాతం ఇథనాల్, మిగతా నీళ్ళు, ఈ మిక్స్‌లో ఎక్కువ ఫినాలిక్స్ దిగుతాయి. ఉత్తి నీళ్ళలో చక్కెరలు, జిగురు కూడా వచ్చేస్తాయి, ఉత్తి ఆల్కహాల్ అయితే ఎండిన ఆకు లోపలికి సరిగ్గా పోదు. ముందు హెక్సేన్‌తో కొవ్వు, క్లోరోఫిల్ కొంత తీసేసి, తర్వాత ఇథనాల్‌తో తీసి, దాన్ని ఇథైల్ అసిటేట్‌తో వేరు చేస్తే చాలా మొక్కల్లో ఆ ఇథైల్ అసిటేట్ భాగంలోనే టెస్టుల్లో వచ్చే నంబర్ అదిరిపోతుంది.

సాక్స్‌లెట్ (ద్రవాన్ని మరిగించి పొడి మీద మళ్ళీ మళ్ళీ పారించే గాజు పరికరం) పెట్టాలా, నానబెట్టాలా అంటే, సాక్స్‌లెట్‌లో గంటల తరబడి ఫ్లాస్క్ మరుగుతూనే ఉంటుంది, వేడికి పాడయ్యేవి పాడవుతాయి. గది వేడిలో మూతపెట్టి, చీకట్లో, మధ్యమధ్యలో కదుపుతూ నానబెట్టడమే నాకు నచ్చిన పద్ధతి, ఓపిక కావాలంతే. ఆ తర్వాత రోటావేపర్‌లో (తక్కువ వేడికే ద్రవాన్ని ఆవిరి చేసే యంత్రం) 40 నుంచి 50 డిగ్రీలు దాటకుండా సాల్వెంట్ (నానబెట్టిన ద్రవం) లాగెయ్యండి.

కషాయం చెత్త ఏం కాదు. నాలుగో వంతు అయ్యేదాకా మరగబెడితే టానిన్లు బాగా దిగుతాయి, కొన్ని పెద్ద టానిన్లు విరిగి గాలిక్, ఎలాజిక్ యాసిడ్లు కూడా అవుతాయి. తులసిలాంటి వాసన ఆకులకి మాత్రం మూత పెట్టండి, లేకపోతే యూజెనాల్ ఆవిరితో పాటు వంటింట్లోకి పోయి మీ గిన్నెలో ఏం మిగలదు.

ప్ర: ఆకు ఎండలో ఆరబెట్టొచ్చా?

నీడలోనే. పలచగా పరిచి, గాలి ఆడేచోట. ఆకుని నలిపి తడిగా కుప్ప పోసి వదిలేస్తే ఇందాక వంకాయలో చెప్పిన ఎంజైమే మొదలుపెడుతుంది, మీరు మర్నాడు చూసేసరికి కుప్ప మధ్యలో ఆకు నల్లగా, వేడిగా ఉంటుంది. టీ వాళ్ళు ఈ ఎంజైమ్‌ని కావాలనే వాడుకుంటారు, ఆకు నలిపి పని చెయ్యనిస్తే బ్లాక్ టీ, ముందే ఆవిరి పట్టి దాన్ని చంపేస్తే గ్రీన్ టీ. ఆకు ఒకటే, తేడా అంతా అక్కడే ఉంది. డ్రయ్యర్ ఉంటే 40 డిగ్రీల దగ్గర పెట్టుకోండి.

ప్ర: టోటల్ ఫినాలిక్ కంటెంట్ కోసం చేసే ఫోలిన్ టెస్టు ఎలా పనిచేస్తుంది?

పసుపు రంగు ద్రావణం ఒకటి, అందులో మాలిబ్డినం, టంగ్‌స్టన్ ఫాస్ఫేట్‌తో కలిసి ఉంటాయి. సోడియం కార్బొనేట్ వేసి క్షారంగా చేస్తే ఫినాల్ ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఆ లోహాలు అవి పుచ్చుకుని నీలం రంగులోకి మారతాయి. ఎంత నీలమైతే అంత ఫినాల్. సాధారణంగా చేసేది: అర ఎంఎల్ శాంపిల్, పదింతలు పలచన చేసిన ఫోలిన్ రియేజెంట్ రెండున్నర ఎంఎల్, 7.5 శాతం సోడియం కార్బొనేట్ రెండు ఎంఎల్, అరగంట చీకట్లో, 765 నానోమీటర్ల దగ్గర రీడింగ్.

మనవాళ్ళకి తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఈ రియేజెంట్ 1927లో ఓటో ఫోలిన్, సియోకాల్టూ ఇద్దరూ హార్వర్డ్‌లో ప్రచురించింది. అదే హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో దానికి రెండేళ్ళ ముందు, 1925లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు. అందులోనూ కంటికి కనిపించేది మాలిబ్డినం నీలమే! ఆ పద్ధతి ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో చేయిస్తారు. ఈ నీలం చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు నాకు.

ఫోలిన్ రియేజెంట్ మొదట ఫినాల్స్ ఉన్న మొక్కల కోసం చేసింది కాదు, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో యాసిడ్లు కొలవడానికి. 1965లో సింగిల్టన్, రోస్సీ దాన్ని వైన్‌కి తగ్గట్టు మార్చారు, ఇప్పుడు మనం చేసేది ఆ రూపమే. అంటే ఏంటన్నమాట, ప్రొటీన్ ఉన్నా, విటమిన్ సి ఉన్నా, కొన్ని చక్కెరలు ఉన్నా కూడా నీలం వచ్చేస్తుంది. ఉసిరి ఎక్స్‌ట్రాక్ట్‌కి ఫోలిన్ చేసి వచ్చిందంతా ఫినాల్ అని రాస్తే అందులో విటమిన్ సి వాటా కూడా కలిపి రాసినట్టే.

ప్ర: రిపోర్టులో "గ్రాముకి ఇన్ని మిల్లీగ్రాముల గాలిక్ యాసిడ్" అని ఉంటుంది. అంటే అంత గాలిక్ యాసిడ్ ఉన్నట్టా?

కాదు. అంత గాలిక్ యాసిడ్ ఇచ్చే నీలం మీ శాంపిల్ ఇచ్చింది అని మాత్రమే. అసలు గాలిక్ యాసిడ్ ఎంతుందో తెలియాలంటే హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలని విడదీసి ఒక్కోదాన్నీ విడిగా కొలిచే పద్ధతి) చెయ్యాలి.

ఇంకోటి, "గ్రాముకి" అంటే దేని గ్రాముకి? ఇక్కడే జనం పడిపోతారు. ఎంఎల్‌కి ఒక మిల్లీగ్రాము ఎక్స్‌ట్రాక్ట్ కలిపారు, స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదుల గాలిక్ యాసిడ్‌తో గీసిన గ్రాఫ్) మీద 60 మైక్రోగ్రాములు వచ్చింది అనుకుందాం, అప్పుడు ఎక్స్‌ట్రాక్ట్ గ్రాముకి 60 మిల్లీగ్రాములు. కానీ 100 గ్రాముల పొడి నుంచి మీకు దక్కిన ఎక్స్‌ట్రాక్ట్ 10 గ్రాములే అయితే, పొడి గ్రాముకి లెక్కేస్తే 6 మిల్లీగ్రాములే. పొడి ప్యాకెట్ మీద 60 అని అచ్చు వేయించుకున్నవాళ్ళని చూశా.

ప్ర: డీపీపీహెచ్ టెస్టు స్టెప్ బై స్టెప్ చెప్పగలరా?

డీపీపీహెచ్ అనేది స్థిరంగా ఉండే రాడికల్, చిక్కటి ఊదా రంగు, హైడ్రోజన్ దొరికితే లేత పసుపు అయిపోతుంది. 1958లో బ్లోయిస్ దీన్ని యాంటీఆక్సిడెంట్లు కొలవడానికి వాడి చూపించాడు, అప్పట్నుంచి చవకైన టెస్టు కాబట్టి ప్రపంచమంతా ఇదే.

3.94 మిల్లీగ్రాములు తూచి 100 ఎంఎల్ మెథనాల్‌లో కలిపితే 0.1 మిల్లీమోలార్. బాటిల్‌కి ఫాయిల్ చుట్టండి, ఏ రోజుది ఆ రోజే చేసుకోండి. శాంపిల్ ఒక ఎంఎల్, ఇది మూడు ఎంఎల్, అరగంట చీకట్లో పెట్టి 517 నానోమీటర్ల దగ్గర చదవండి. కంట్రోల్ (శాంపిల్ బదులు ఉత్తి మెథనాల్ వేసింది) రీడింగ్‌లోంచి శాంపిల్ రీడింగ్ తీసేసి, కంట్రోల్‌తో భాగించి, వందతో హెచ్చిస్తే ఎంత శాతం ఆర్పిందో వస్తుంది. అసలు పని కంటితోనే తెలిసిపోతుంది: వరసగా ఐదారు టెస్ట్ ట్యూబులు పెడితే ఒక చివర ఊదాగా, మధ్యలో మట్టి రంగుగా, ఇంకో చివర పసుపుగా కనపడతాయి. అలా మెట్లు మెట్లుగా రాకుండా అన్నీ పసుపైపోయాయంటే మీ శాంపిల్ మరీ చిక్కగా ఉందన్నమాట, పలచన చేసి మళ్ళీ పెట్టండి.

శాంపిల్‌కి సొంత రంగు ఉంటే బ్లాంక్ తప్పనిసరి. ఎర్ర గోంగూర పువ్వు రేకలు, మందారం, వీటిలో ఆంథోసయనిన్లు ఉంటాయి, అవి కూడా 520 చుట్టుపక్కలే వెలుతురు పీల్చుకుంటాయి. డీపీపీహెచ్ లేకుండా ఉత్తి శాంపిల్, మెథనాల్ కలిపి ఒక రీడింగ్ తీసుకుని అది తీసెయ్యకపోతే, మీ గోంగూర రేకలు నిజంగా ఉన్నదానికంటే నీరసంగా కనిపిస్తాయి.

ప్ర: ఐసీ50 ఎక్కువ వస్తే మంచిదా, తక్కువ వస్తేనా?

తక్కువ. రాడికల్స్‌ని సగానికి తగ్గించడానికి ఎంత శాంపిల్ పట్టింది అన్నది అది, పరుగు పందెంలో టైమ్ లాంటిది. పక్కన ఆస్కార్బిక్ యాసిడ్‌కో (విటమిన్ సి), ట్రోలాక్స్‌కో (ల్యాబుల్లో వాడే విటమిన్ ఇ రూపం) అదే రోజు, అదే ద్రావణంతో వచ్చిన విలువ కూడా పెట్టండి. స్టాండర్డ్ లేకుండా ఉత్తి ఐసీ50 ఇస్తే నేనైతే చదవను.

ప్ర: ఒకే మొక్కకి ఒక్కో పేపర్లో ఒక్కో నంబర్ ఉంటోంది, ఏది నమ్మాలి?

మొక్క ఒకటేనా అన్నది మొదట చూడండి. బ్రాహ్మి అని కొందరు నీటి బ్రాహ్మి అమ్ముతారు, కొందరు సరస్వతి ఆకు అమ్ముతారు, రెండూ వేర్వేరు మొక్కలు. శంఖపుష్పి అంటే ఉత్తరాదిలో ఒకటి, దక్షిణాన శంఖుపువ్వు తీగ. బోటనీ వాళ్ళతో గుర్తింపు చేయించి హెర్బేరియం షీట్ (ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్క నమూనా) పెట్టమనేది ఇందుకే. ఆ తర్వాత ఆకా, వేరా, ఏ నెలలో కోశారు, ఏ సాల్వెంట్, ఎన్ని గంటలు, ఏ స్టాండర్డ్, పొడికా ఎక్స్‌ట్రాక్ట్‌కా, ఇన్ని మారితే నంబర్ మారకుండా ఎలా ఉంటుంది? ఒకే ల్యాబ్‌లో ఒకే రోజు పక్కపక్కన చేసినవే పోల్చండి. మామూలు ఆహార పదార్థాలకైతే హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2017లో తెచ్చిన ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్ ఉన్నాయి, 528 రకాలు, అందులో పాలీఫినాల్స్ కూడా ఇచ్చారు, గాలి కబుర్ల కంటే అది నయం.

ప్ర: ఏబీటీఎస్, ఫ్రాప్ కూడా చెయ్యమన్నారు మా గైడ్. ఎందుకు, ఒకటి చాలదా?

ఒక్కోటి ఒక్కో ప్రశ్న అడుగుతుంది కాబట్టి. ఏబీటీఎస్ కూడా డీపీపీహెచ్ లాంటి రంగు రాడికల్ టెస్టే, కానీ నీళ్ళలోనూ పనిచేస్తుంది, 734 దగ్గర చదువుతాం కాబట్టి ఆకుల రంగు అంతగా అడ్డు రాదు, కాకపోతే పర్‌సల్ఫేట్‌తో కలిపి ముందు రోజు రాత్రే పెట్టుకోవాలి. ఫ్రాప్ 1996లో బెంజీ, స్ట్రెయిన్ ఇచ్చారు, ఫెర్రిక్ ఇనుముని ఫెర్రస్‌గా మార్చే శక్తి చూస్తుంది, అందులో అసలు రాడికలే లేదు. అందుకే ఒక ఎక్స్‌ట్రాక్ట్ డీపీపీహెచ్‌లో ఫస్టొచ్చి ఫ్రాప్‌లో వెనకబడితే కంగారు పడక్కర్లేదు.

ప్ర: ఒక కంపెనీ ప్యాకెట్ మీద పెద్ద ఓరాక్ (టెస్ట్ ట్యూబులో యాంటీఆక్సిడెంట్ బలం కొలిచే ఇంకో టెస్టు) స్కోర్ వేసింది. నమ్మొచ్చా?

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు స్వయంగా తయారు చేసిన ఓరాక్ పట్టికని 2012లో వెబ్‌సైట్ నుంచి తీసేశారు, ఆ నంబర్లకి ఒంట్లో జరిగేదానికి సంబంధం చూపించలేకపోగా కంపెనీలు వాటిని అడ్వర్టైజ్‌మెంట్లకి వాడేసుకుంటున్నాయని. తయారు చేసినవాళ్ళే పక్కన పెట్టేశాక మనం పట్టుకుని వేళ్ళాడ్డం దేనికి.

ప్ర: సరే, తాగాక ఒంట్లోకి వెళ్ళి రాడికల్స్‌ని చంపేస్తాయి కదా?

ఇక్కడే అందరి లెక్కా తప్పుతుంది. మీరు మింగిన క్వెర్సెటిన్‌కి పేగు గోడ దగ్గర, లివర్ దగ్గర గ్లూకురోనిక్ యాసిడ్, సల్ఫేట్ లాంటివి తగిలించి పంపేస్తారు, అవి తగిలించేది సరిగ్గా ఆ ఓహెచ్‌ల మీదే. ఆ తర్వాత రక్తంలో కనిపించేది చాలా తక్కువ, మైక్రోమోలార్ స్థాయి లేదా అంతకంటే కింద. ఒంట్లో సొంతంగా గ్లూటాథయోన్, యూరిక్ యాసిడ్, ఎంజైములు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటాయి. టెస్ట్ ట్యూబులో ఎంఎల్‌కి వంద మైక్రోగ్రాములు పోసి చూసింది రక్తంలో జరుగుతుందని చెప్పడం కుదరదు.

మరి ఏం చెయ్యవా అంటే, చేస్తాయి, వేరే దారిలో. పెద్ద టానిన్లు పేగు చివరిదాకా వెళ్తాయి, అక్కడి బ్యాక్టీరియా ఎలాజిక్ యాసిడ్‌ని యూరోలిథిన్లుగా మారుస్తాయి, అవి లోపలికి పీల్చుకోబడతాయి. ఆ బ్యాక్టీరియా కొందరి పేగుల్లో ఉండదు కాబట్టి ఒకే ఉసిరికాయ ఇద్దరి ఒంట్లో ఒకేలా పనిచెయ్యదు. ఇంకోపక్క కొన్ని ఫినాలిక్స్ కణాల్లో ఎన్ఆర్ఎఫ్2 అనే స్విచ్‌ని కాస్త కదిపి ఒంటి సొంత రక్షణ ఎంజైములు ఎక్కువ తయారయ్యేలా చేస్తాయి. అంటే అవి తామే పోరాడ్డం కంటే, చిన్న చిరాకు పెట్టి ఒంటిని మేల్కొలపడం అన్నమాట. రాగి, ఇనుము అయాన్లు దగ్గరుంటే ఇవే ఫినాలిక్స్ ఎదురు తిరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి కూడా, సెల్ కల్చర్ చేసేవాళ్ళకి ఈ తలనొప్పి బాగా తెలుసు.

ప్ర: యాంటీఆక్సిడెంట్ ఎంత ఎక్కువైతే అంత మంచిది కదా, నష్టమేం ఉంది?

ఫిన్‌లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ళ మీద చేసిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవాళ్ళలో లంగ్ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో అలాంటిదే ఇంకో ట్రయల్‌ని 1996లో మధ్యలోనే ఆపేశారు. బీటా కెరోటిన్ ఫినాల్ కాదు, నిజమే, కానీ "యాంటీఆక్సిడెంట్ కాబట్టి మంచే చేస్తుంది" అనే మాటకి అప్పట్నుంచీ విలువ పోయింది.

ఫినాలిక్స్ సంగతికొస్తే గ్రీన్ టీ మామూలుగా తాగితే ఏం కాదు, దాని ఎక్స్‌ట్రాక్ట్ మాత్రల్లో ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్యమైన ఫినాల్) రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్నవాళ్ళలో లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఆకు వేరు, ఆకులోంచి పిండి చిక్కబెట్టి క్యాప్సూల్‌లో కుక్కింది వేరు.

ప్ర: కర్క్యుమిన్, మిరియాలు కలిపిన క్యాప్సూల్స్ వాడొచ్చా?

1998లో బెంగళూరులో చేసిన ప్రయోగంలో 2 గ్రాముల కర్క్యుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపరిన్ (మిరియాల ఘాటుకి కారణమైన పదార్థం) కలిపితే రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగింది. ఆ నంబరే ప్రతి డబ్బా మీదా ఉంటుంది. ముందు దాదాపు ఏమీ లేనిదానికి ఇరవై రెట్లు అంటే అసలు ఎంత అన్నది డబ్బా మీద ఉండదు. పైపరిన్ అడ్డుకునేది లివర్, పేగు చేసే శుద్ధి పనిని కాబట్టి మీరు వేసుకునే వేరే మాత్రల మోతాదు కూడా తెలీకుండా పెరిగే ప్రమాదం ఉంది. ఇటలీలో, అమెరికాలో పసుపు సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. పప్పులో చిటికెడు పసుపుకి ఇవేం వర్తించవు, హాయిగా వేసుకోండి.

ప్ర: మా అమ్మకి రక్తం తక్కువ, ఐరన్ మాత్రలు వాడుతోంది. ఉసిరి కషాయం, టీ తాగొచ్చా?

కలంకారీ బట్ట మీద జరిగేదే కడుపులోనూ జరుగుతుంది, టానిన్ ఇనుముని పట్టేసుకుంటుంది. టీ, కరక్కాయ కషాయం భోజనంతోనో, మాత్రతోనో కలిపి తీసుకోవద్దు, గంట, రెండు గంటలు తేడా పెట్టండి. ఉసిరిలో విటమిన్ సి ఇనుము పట్టడానికి సాయం చేసేదే, పచ్చికాయ పప్పులోనో పచ్చడిలోనో తింటే భయం లేదు, చిక్కగా కాచిన కషాయం మాత్రం విడిగా. రక్తం పలచబడే మందులు, షుగర్ మాత్రలు, కీమోథెరపీ, ఈ మూడింట్లో ఏదున్నా ఎక్స్‌ట్రాక్ట్ పేరుతో ఏది మొదలుపెట్టినా ముందు ఆ డాక్టర్‌కి చెప్పి తీరాలి, "అది ఆయుర్వేదం కదా, చెప్పక్కర్లేదు" అనుకోకండి.

ప్ర: అయితే ఇవన్నీ చదివాక ఫినాలిక్స్ ఎక్కడ నిజంగా పనికొస్తాయి అంటారు?

నూనెలో, నెయ్యిలో! నెయ్యి కాచేటప్పుడు దించే ముందు తమలపాకో, కరివేపాకో, మునగాకో వేస్తారు కదా మన ఇళ్ళలో, చిటపటలాడి ఆకు గలగలమనేసరికి దించేస్తారు. తమలపాకులో హైడ్రాక్సీచావికాల్ లాంటి ఫినాల్స్ ఉంటాయి, అవి నెయ్యిలోకి దిగి కొవ్వు ఆక్సీకరణ గొలుసుని తెంపుతాయి, అందుకే వాసన మారకుండా నెలలు నిలవుంటుంది. ఇక్కడ పేగు లేదు, లివర్ లేదు, ఫినాల్‌ని మార్చేవాళ్ళెవరూ లేరు, టెస్ట్ ట్యూబులో జరిగిందే గిన్నెలోనూ జరుగుతుంది. రోజ్‌మేరీ ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌ని యూరప్‌లో ఈ392 అనే నంబర్‌తో నూనెలు పాడవకుండా కలిపేది ఈ పనికే, టీబీహెచ్‌క్యూ లాంటి సింథటిక్ వాటికి బదులుగా. మీ ప్రాజెక్టుకి టాపిక్ దొరక్కపోతే నువ్వుల నూనెలోనో, వేరుశనగ నూనెలోనో మన ఆకు ఎక్స్‌ట్రాక్ట్ కలిపి 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, వారం వారం పెరాక్సైడ్ వాల్యూ (నూనె ఎంత ఆక్సీకరణ చెందిందో చెప్పే కొలత) తియ్యండి. నలభయ్యో డీపీపీహెచ్ పేపర్ కంటే అది వెయ్యి రెట్లు పనికొస్తుంది.

ప్ర: మేం మునగాకు పొడి అమ్ముతాం. లేబుల్ మీద "యాంటీఆక్సిడెంట్, షుగర్ తగ్గిస్తుంది" అని రాసుకోవచ్చా?

షుగర్ తగ్గిస్తుంది, క్యాన్సర్ రాదు లాంటివి వద్దే వద్దు, 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద అలాంటి ప్రకటనలు నేరం, లిస్టులో డయాబెటిస్ కూడా ఉంది. ఫుడ్‌గా అమ్మితే ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్స్, మందుగా అమ్మితే రాష్ట్ర ఆయుష్ లైసెన్స్, రెండూ కలిపి కొట్టడం కుదరదు. టెస్ట్ రిపోర్టు చూపించాలనుకుంటే ఏ బ్యాచ్, ఏ తేదీ, పొడి గ్రాముకా ఎక్స్‌ట్రాక్ట్ గ్రాముకా అన్నది రాసి చూపించండి. దానికంటే ముందు తేమ, బూజు, సీసం లాంటి భార లోహాలు చేయించండి, కొనేవాళ్ళకి అవి ఎక్కువ అవసరం.

ప్ర: తీసిన ఎక్స్‌ట్రాక్ట్ ఎన్నాళ్ళు దాచుకోవచ్చు?

పూర్తిగా ఆరిపోయిన ఎక్స్‌ట్రాక్ట్‌ని నల్ల సీసాలో, మూత బిగించి, డీప్ ఫ్రీజర్‌లో పెడితే చాలా కాలం ఆగుతుంది, ద్రావణంగా కలిపింది మాత్రం ఆ రోజుకే. బయటికి తీశాక చల్లగా ఉన్న సీసా వెంటనే తెరవొద్దు, గది వేడికి రానివ్వండి, లేకపోతే గాలిలో తేమ లోపల పేరుకుని బంకలా అయిపోతుంది, తర్వాత తూచేటప్పుడు సగం బరువు నీళ్ళదే ఉంటుంది. సీసా మీద మొక్క పేరు, సాల్వెంట్, తేదీ మార్కర్‌తో రాసి పైన సెల్లో టేప్ అంటించండి, మెథనాల్ చుక్క పడితే ఉత్తి మార్కర్ రాత చెరిగిపోతుంది.